గజ్జలో నరాలు మూడు

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. తిరుపతిలో ఉంటాను, కొండకు టాక్సీ తోలతాను. నడుంనొప్పికని మొదలుపెట్టిన టపెంటడాల్ మాత్ర రెండేళ్ళలో అలవాటైపోయింది. ఏడాది నుంచి మాత్ర నలిపి, సెలైన్‌లో కలిపి సూదితో ఎక్కించుకుంటున్నా, రోజుకు రెండు మూడు సార్లు. ఎడమ మోచేతి మడతలో నరం తాడు మాదిరి గట్టిపడింది. కుడివైపుది కూడా దొరకడం లేదు. ఇప్పుడు అరచేతి వెనక నరాలకు వేసుకుంటున్నా. మూడు రోజులుగా ఎడమ చేతి వెనక ఎర్రగా గడ్డ లేచింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. నా స్నేహితుడు గజ్జలో వేసుకుంటాడు. ‘ఆర్నెల్లయింది, నాకేమీ కాలేదు, సాయంత్రానికి ఒక కాలు కొంచెం వాస్తుంది, అంతే’ అంటాడు. నన్నూ అక్కడే వేసుకోమంటున్నాడు. పోయిన నరాలు మళ్ళీ వస్తాయా? గజ్జలో వేసుకోవచ్చా? రుయా ప్రభుత్వాసుపత్రికి పోతే పోలీసులకు పట్టిస్తారేమోనని భయం. మానాలనే ఉంది, రేపటికి రేపు మానలేను. అమ్మకు తెలియదు, ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కానే వేసుకుంటున్నా.
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు:

తమ్ముడూ, మీరు అడిగిన ప్రశ్నల కంటే ముందు, మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన సంగతి ఒకటుంది. ఎడమ చేతి వెనక లేచిన ఆ గడ్డ. ముందు తేల్చాల్సింది అదే.

అరచేతి వెనక చర్మం పల్చన. దాని కింద కండ దాదాపు ఉండదు. వేళ్ళను పైకి లేపే తాళ్ళలాంటి స్నాయువులు, వాటిని ఆనుకుని ఎముకలు, కీళ్ళు ఉంటాయి. అక్కడ చీము పడితే స్నాయువుల వెంబడి పాకుతుంది. ఆలస్యం చేస్తే వేళ్ళు పూర్తిగా మడవలేని, చాచలేని పరిస్థితి రావచ్చు, స్టీరింగ్ పట్టుకునే చెయ్యి మీది. మూడు రోజులైనా వేడి, ఎరుపు తగ్గలేదంటే ఇంట్లో చూసుకునే దశ దాటిపోయింది. ఇది చదివిన పూటే బయల్దేరండి, రాత్రయితే తెల్లారగానే.

బయల్దేరేలోపు కొన్ని పనులు చేయండి. ఆ చేతి వేళ్ళకు ఉంగరం, మణికట్టుకు కడియం, దారం ఏమున్నా ఇప్పుడే తీసేయండి, వాపు పెరిగాక కత్తిరించాల్సి వస్తుంది. బాల్‌పెన్ తీసుకుని ఎరుపు ఎక్కడిదాకా ఉందో చుట్టూ గీత గీసి, పక్కనే టైము రాయండి. శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ముంచి పిండి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కాపడం పెట్టండి. పడుకున్నప్పుడు చెయ్యి దిండు మీద, గుండె కంటే ఎత్తులో ఉంచండి. గడ్డను పిండొద్దు. సూదితో పొడవొద్దు. సిరంజీతో చీము లాగే ప్రయత్నం అసలే వద్దు, లోపలున్న క్రిములను ఆ సూది ఇంకా లోతుకు తోస్తుంది. మెడికల్ షాపులో రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు అడిగి వేసుకుని ఊరుకోవడం వల్ల పైకి కొంచెం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల చీము అట్లాగే ఉంటుంది. చీము పట్టాక దానికి కోసి తీయడమే మందు.

ఎరుపు ఆ గీత దాటినా, చలితో జ్వరం వచ్చినా, చేతి మీదుగా పైకి ఎర్రటి చార పాకినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, చర్మం ఊదా రంగుకో నలుపుకో తిరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. 108 కు ఫోన్ చేయండి, లేదా ఆటో ఎక్కి నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళండి. అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది, పైకి కనిపించేదానికి ఏమాత్రం పొంతన లేనంత నొప్పి. లోపల కండరాల పొరలను తినేసే ఇన్ఫెక్షన్ అట్లాగే మొదలవుతుంది, దానికి గంటలే లెక్క.

ఇక గజ్జ సంగతి. వద్దు. ఎందుకు వద్దో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘వద్దు’ అన్న మాట మీరు ఇప్పటికే చాలామంది దగ్గర విని ఉంటారు.

మన మాటలోనే ఒక చిక్కుంది. రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే సిరను నరం అంటాం. గుండె నుంచి రక్తాన్ని జోరుగా తోసుకొచ్చే ధమనినీ నరమే అంటాం. స్పర్శ, కదలిక చూసుకునే నాడినీ నరమే అంటాం. ఆ నాడి అన్న మాటను కూడా ‘నాడి పట్టి చూడటం’ అంటూ ధమనికి వాడేస్తాం. మోచేతి మడతలో పైకి ఉబ్బి కనిపించే సిర దగ్గర ఈ తికమక పెద్దగా నష్టం చేయకపోవచ్చు. గజ్జలో మాత్రం మూడూ పక్కపక్కనే ఉంటాయి, కొద్ది అంగుళాల చోటులో, చర్మానికి లోతుగా, ఒక్కటీ కంటికి కనిపించకుండా. మీ స్నేహితుడు ‘నరం దొరికింది’ అన్నప్పుడు ఆయనకు దొరికింది ఆ మూడింట్లో ఏదో ఆయనకు తెలియదు.

నాడికి సూది తగిలితే కరెంటు షాకు కొట్టినట్టు తొడలోకి నొప్పి పాకుతుంది. నాడి దెబ్బతింటే తొడ ముందువైపు మొద్దుబారుతుంది, మోకాలు నిలబడనివ్వదు. బ్రేకు తొక్కే కాలు అది.

ధమనిలోకి వెళ్తే మాత్ర పొడి గుండెవైపు పోదు, మొత్తం కాలి వేళ్ళవైపు పోతుంది. ధమని ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది, ఆ సన్నటి కొసల్లో పొడి ఇరుక్కుంటుంది. దాని అవతలి కండకు రక్తం అందదు. వేళ్ళు చల్లబడి, పాలిపోయి, నల్లబడి, చివరికి తీసేయాల్సి రావచ్చు. ధమని గోడకు పదేపదే సూది తగిలితే గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. పైకి అది మామూలు సెగ్గడ్డలాగే కనిపిస్తుంది, చెయ్యి పెడితే మాత్రం గుండెతో పాటు కొట్టుకుంటూ ఉంటుంది. దాన్ని చీముగడ్డ అనుకుని ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర కోయించుకుంటే రక్తం ఆపడం ఎవరి తరమూ కాదు. గజ్జలో లేచిన ఏ గడ్డనైనా డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్తం పారే తీరు చూపించే స్కాన్) చేయకుండా కోయనివ్వకూడదు. ఇది మీ స్నేహితుడికి తప్పకుండా చెప్పండి.

మూడోది సిర. సరిగ్గా దానిలోకే వెళ్ళిందనుకుందాం. అది కాలి రక్తమంతటినీ మోసే పెద్ద కాలువ. చేతిలో ఒక చిన్న సిర మూసుకుపోతే రక్తం పక్క దారి చూసుకుంటుంది, ఈ పెద్ద కాలువ మూసుకుపోతే పక్క దారులు చాలవు. కాలు వాస్తుంది. అదీ ఒక్క కాలే, సాయంత్రానికి. మీ స్నేహితుడు ‘ఏమీ కాలేదు’ అంటూ చెప్పిన లక్షణమే ఇది. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, లేదా సిరలోని కవాటాలు దెబ్బతిని ఉండొచ్చు, డాప్లర్ స్కాన్ చేస్తే తెలుస్తుంది. గడ్డకట్టిన రక్తంలో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తాయి, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఆయన వాచిన కాలిని మసాజ్ చేయించుకోకూడదు.

చేతుల్లో కూడా పొరపాటున ధమనికి తగలొచ్చు, మణికట్టు లోపలివైపు మరీను. గుర్తులు ఇవి: సిరంజీలోకి రక్తం ఎర్రగా మెరుస్తూ, తనంతట తానే పిస్టన్‌ను వెనక్కి నెడుతూ వస్తుంది, చెయ్యి మంటెత్తిపోతుంది. ఒక్క చుక్క కూడా నెట్టకుండా సూది తీసేసి, గట్టిగా, మధ్యలో ఎత్తి చూడకుండా 15 నిమిషాలు అదిమి పట్టాలి. చెయ్యి పైకెత్తి ఉంచాలి. మందు లోపలికి పోయి ఉంటే రక్తం ఆగినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి. వేళ్ళు తెల్లబడటం, చల్లబడటం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలోచించొద్దు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. పోయిన నరాలు వస్తాయా?

సిర గోడ పల్చన, ధమనికున్నంత కండ దానికి లేదు. లోపల అక్కడక్కడా చిన్న తలుపుల్లాంటి కవాటాలుంటాయి, రక్తం గుండెవైపే పోవాలి, వెనక్కి రాకూడదు. సూది గుచ్చిన ప్రతిసారీ గోడకు చిన్న గాయమవుతుంది. ఆ గాయం మానేలోపు అదే చోట మళ్ళీ గుచ్చితే మచ్చ కట్టి, గోడ మందమై, లోపలి దారి సన్నబడుతుంది. మొండి సూది వల్ల, మందు మంట వల్ల సిర లోపలి పొర వాచి రక్తం అక్కడే గడ్డకడుతుంది. మీ మోచేతిలో తాడు మాదిరి తగిలేది అదే. తాకితే నొప్పి, వేడి ఇంకా ఉన్నాయంటే వాపు తాజాగా ఉంది, కొన్ని వారాల విశ్రాంతితో కొంత తెరుచుకునే అవకాశం ఉంది. నొప్పి లేకుండా, చల్లగా, గట్టి తాడులా ఉండిపోయిందంటే ఆ సిర ఇక తిరిగి రాకపోవచ్చు. మీకు తప్పుడు ఆశ పెట్టడం మాకిష్టం లేదు. అయితే దాని పని పక్కనున్న చిన్న సిరలు నెమ్మదిగా తీసుకుంటాయి, చెయ్యి బాగానే ఉంటుంది. కాబట్టి ఇప్పుడు కాపాడుకోవాల్సింది మిగిలి ఉన్నవాటిని.

తాజాగా వాచిన సిరకు ముందు కావాల్సింది విశ్రాంతి. కనీసం కొన్ని వారాలు దాని జోలికి పోవద్దు. రోజుకు మూడు నాలుగు సార్లు వేడి కాపడం పెట్టండి. హెపారిన్ కలిసిన ఆయింట్‌మెంట్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, పుండు గానీ చిట్లిన చర్మం గానీ లేనిచోట మాత్రమే పల్చగా రాయాలి. గట్టిగా రుద్దకండి, లోపల గడ్డకట్టిన రక్తం కదులుతుంది. నీళ్ళు బాగా తాగండి. తిరుపతి ఎండలో, ఏసీ వేయకుండా బండిలో కూర్చుంటే ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్న సిరలు కూడా లోపలికి ఇంకిపోతాయి, ‘నరాలు దొరకడం లేదు’ అన్నదాంట్లో కొంత భాగం దాహమే. వాపు లేని చేతితో మెత్తటి బంతి పిసుకుతూ ఉంటే రక్తప్రసరణ పెరుగుతుంది.

ఇంతకీ మీ సిరలను పాడుచేస్తున్నది సూది ఒక్కటే అనుకోకండి. ఒక పని చేసి చూడండి, ఎక్కించుకోవడానికి కాదు, కళ్ళతో చూడటానికి. ఒక మాత్రను నలిపి గాజు గ్లాసులో నీళ్ళు పోసి కలిపి, కదపకుండా పది నిమిషాలు పెట్టండి. అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. నీళ్ళు తేటగా కనిపించినా, గ్లాసును వెలుతురుకు పెడితే సన్నటి నలుసులు తేలుతుంటాయి. మాత్రకు ఆకారం నిలిపే పిండి, సెల్యులోజ్, టాల్క్, మెగ్నీషియం స్టియరేట్ లాంటివి అవి. కడుపులోకి వెళ్తే ఏ హానీ చేయవు. రక్తంలోకి వెళ్తే కరగవు. సిర గోడకు అంటుకుని ఒరుసుకుంటాయి. అది దాటినవి గుండె గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అక్కడి వెంట్రుకంత రక్తనాళాల్లో ఇరుక్కుని ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. మెట్లెక్కితే ఆయాసం అప్పుడు మొదలవుతుంది. దూది గుండా, సిగరెట్ ఫిల్టర్ గుండా లాగితే పోతాయని చాలామంది నమ్మకం. పెద్ద నలుసులు ఆగుతాయి, చిన్నవి ఆగవు. మాత్రను నిరపాయంగా ఎక్కించుకునే దారి లేదు.

అందుకే, రేపటికి రేపు మానలేనన్నారు కాబట్టి, మానేలోపు మీరు చేయగల పెద్ద మార్పు ఒకటుంది: సూది పక్కన పెట్టి, మాత్రను మాత్రలాగే మింగడం. సిరలు, చర్మం, గుండె కవాటాలు, హెపటైటిస్, హెచ్.ఐ.వి. ఇన్ని ప్రమాదాలు ఆ ఒక్క మార్పుతో తప్పుతాయి. సూదితో వచ్చే ఆ తొలి ఊపు మింగితే రాదు, అది నిజం. పూర్తిగా ఎక్కడానికి గంట దాటుతుంది. ‘ఇంకా ఎక్కలేదే’ అని అరగంటకే రెండోది వేసుకోవడంలోనే ప్రమాదం ఉంది, రెండూ కలిసి ఒకేసారి పైకొస్తాయి. పట్టీ మీద ఎస్ఆర్ అనో ఈఆర్ అనో రాసి ఉంటే అది గంటల తరబడి కొంచెం కొంచెంగా విడుదలయ్యే మాత్ర, నమిలినా నలిపినా మొత్తం ఒక్కసారే దిగి ఊపిరి ఆగిపోవచ్చు. మద్యం గానీ, ఆల్ప్రజోలం, నైట్రజిపామ్ లాంటి నిద్రమాత్రలు గానీ దీనికి తోడైతే ఊపిరి మరీ నెమ్మదిస్తుంది. టపెంటడాల్ మోతాదు పెరిగితే ఫిట్స్ కూడా రావచ్చు. ఇంకో మాట, వేసుకున్నాక ఘాట్ రోడ్డు ఎక్కొద్దు. వెనక సీట్లో ఉన్నవాళ్ళు మిమ్మల్ని నమ్మి కళ్ళు మూసుకుని గోవిందా అనుకుంటున్న యాత్రికులు.

అయినా ఏదో ఒక రోజు సూది పట్టుకుంటారేమో. ఆ రోజుకు ఇవి గుర్తుండాలి.

సూదీ సిరంజీ ప్రతిసారీ కొత్తవి. సూది మొన మొదటిసారి చర్మం గుండా పోయినప్పుడే వంగడం మొదలవుతుంది. రెండోసారికి దాని కొసన కొక్కెంలాంటి అంచు ఏర్పడుతుంది, మామూలు కంటికి కనిపించదు. లోపలికి పోయేటప్పుడు చింపుతుంది, బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి చింపుతుంది. రాతి మీద నూరినా, అగ్గిపెట్టె మీద రుద్దినా పదును రాదు, నలుసులు మిగులుతాయి. సూది ఎంత సన్నగా ఉంటే సిరకు అంత తక్కువ గాయం. 2 మి.లీ. సిరంజీతో వచ్చే 24 గేజ్ సూది కంటే ఇన్సులిన్ సిరంజీకి ఉండే 29 నుంచి 31 గేజ్ సూది చాలా సన్నం, గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుపెట్టుకోండి. దానికి సూది అతికి ఉంటుంది కాబట్టి లోపల మిగిలిపోయే రక్తం కూడా తక్కువ. మందు సన్న సూదిలోంచి పోవడం లేదంటే, అందులో ఒంట్లోకి పోకూడనిది ఉందని అర్థం.

నీళ్ళంటే మెడికల్ షాపులో దొరికే 5, 10 మి.లీ. ఇంజెక్షన్ నీళ్ళ ఆంప్యూల్, పగలగొట్టాక ఒక్కసారికే. సెలైన్ సీసాకు రంధ్రం పెట్టి రెండు మూడు రోజులు అందరూ అందులోంచే లాగడం వల్ల సీసా మొత్తం క్రిముల మడుగవుతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ పేరుకు స్వచ్ఛమైనదే గానీ క్రిములు లేనిది కాదు. బోరు నీళ్ళు, బాటిల్ నీళ్ళు వద్దు. సూదిని నాలుకతో తడపడం, గుచ్చిన చోట నోటితో చీకడం మానండి, నోట్లోని క్రిములు రక్తంలోకి దిగి గుండె కవాటాల మీద పెరుగుతాయి.

చేతులు, గుచ్చబోయే చోటు సబ్బుతో కడగాలి. స్పిరిట్ దూదితో ఒకే దిక్కుగా ఒక్కసారి తుడిచి, అరనిమిషం ఆరనివ్వాలి, అటూ ఇటూ రుద్దితే తుడిచిన మురికి మళ్ళీ అక్కడికే చేరుతుంది. చేతికి కట్టిన కట్టు మందు నెట్టకముందే విప్పాలి. కట్టు ఉండగా నెడితే ఒత్తిడికి సిర పగిలి మందు చర్మం కిందికి చిమ్ముతుంది, నీలంగా ఉబ్బుతుంది. సూది మొన ఎప్పుడూ గుండెవైపు చూడాలి, ఎదురు గుచ్చితే కవాటాలు చిరుగుతాయి. నెట్టేటప్పుడు మంట పుట్టినా, చర్మం ఉబ్బినా అది సిరలో లేదు, ఆపేసి తీసేయండి. రెండుసార్లు ప్రయత్నించి దొరక్కపోతే ఆ పూటకు వదిలేయండి, వెతుకుతూ లోపలే సూదిని తిప్పడం వల్లే ఎక్కువ సిరలు పోతాయి. తీశాక పొడి దూదితో రెండు నిమిషాలు అదమండి, మోచెయ్యి మడవొద్దు. అప్పుడు స్పిరిట్ దూది పెడితే రక్తం ఆగడం ఆలస్యమవుతుంది. ఈసారి గుచ్చిన చోట మళ్ళీ గుచ్చకూడదు. మెడ, గజ్జ, మణికట్టు లోపలివైపు, అరచెయ్యి, మర్మాంగం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కాళ్ళలో రక్తం నెమ్మదిగా పారుతుంది, అక్కడ త్వరగా గడ్డకడుతుంది, పుండు పడితే మానదు.

మీరూ మీ స్నేహితుడూ సిరంజీ పంచుకోకపోవచ్చు. మరి గిన్నె? నీళ్ళు? దూది? హెపటైటిస్-సి క్రిమికి కంటికి కనిపించనంత రక్తం చాలు. వాడిన సిరంజీలో అది 63 రోజుల వరకు బతికి ఉండగలదని ప్రయోగశాలలో తేలింది. వాడిన సిరంజీని ఒకే గిన్నెలో ముంచితే ఒకరి రక్తం ఇంకొకరికి చేరినట్టే. ఎవరివి వాళ్ళకు, అన్నీ.

ఒంటరిగా తలుపు గడియ పెట్టుకుని వేసుకోవద్దు. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ మొదలుపెట్టిన రోజే ఎక్కువమంది పోతారు, ఒళ్ళు పాత మోతాదును మరిచిపోయి ఉంటుంది. పక్కనున్న మనిషి పిలిస్తే పలకడం లేదు, పెదాలు నీలమయ్యాయి, గురకలాంటి గరగర చప్పుడు, ఊపిరి ఐదు సెకన్లకు ఒక్కటి కూడా లేదు అంటే నిద్రపోతున్నాడని వదిలేయకండి. ఛాతీ ఎముక మీద పిడికిలి ఎముకలతో గట్టిగా రుద్ది పిలవండి. లేవకపోతే 108. వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ఐదు సెకన్లకు ఒకసారి నోట్లోకి ఊపిరి ఊదండి, ఛాతీ లేవాలి. తనంతట తాను ఊపిరి తీసుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి చేసుకున్నా గొంతుకు అడ్డం పడదు. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్ళు నోట్లో పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంబులెన్స్ రాగానే ఏ మందు వేసుకున్నాడో చెప్పండి, నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే లేస్తాడు. దాని పని గంటా గంటన్నర లోపు అయిపోతుంది, మాత్ర ప్రభావం అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోతే మళ్ళీ మునిగిపోతాడు.

ఇక రుయా అంటే మీకున్న భయం. క్యాజువాలిటీలో డాక్టరుకు ఒక్క వాక్యం సూటిగా చెప్పండి: ‘టపెంటడాల్ మాత్ర నలిపి ఈ చేతికి ఇంజెక్షన్ చేసుకున్నాను, మూడు రోజులైంది.’ పురుగు కుట్టిందని చెప్తే పురుగు కుట్టినదానికే వైద్యం జరుగుతుంది, ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలి, స్కాన్ కావాలా, గుండె కవాటాలు చూడాలా అన్నవన్నీ మీరు చెప్పే మాట మీదే ఆధారపడి ఉంటాయి. ధనుర్వాతం టీకా అడగండి. రక్తం తీసేటప్పుడు, సెలైన్ పెట్టేటప్పుడు ఏ సిర బాగుందో, ఏది పనికిరాదో మీరే చూపించండి, ఆ విషయం అక్కడ మీకంటే బాగా ఎవరికీ తెలియదు.

చట్టం సంగతి. మత్తుమందుల చట్టం 1985 లో 64ఎ అనే సెక్షన్ ఉంది. అలవాటుపడిన మనిషి తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ ప్రభుత్వం గుర్తించిన చోట గానీ చికిత్సకు చేరితే, మత్తుమందు వాడిన కేసుల్లో, కొద్ది మొత్తం దొరికిన కేసుల్లో కోర్టు విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

మానడానికి పళ్ళు బిగించి గదిలో పడుకోనక్కర్లేదు. బ్యుప్రెనార్ఫిన్ అనే మాత్రను నాలుక కింద పెట్టి కరిగించే వైద్యం ఉంది. ఒళ్ళునొప్పులు, విరేచనాలు, నిద్రలేమి, ఆ తపన అదుపులోకి వస్తాయి, బండి పని చేసుకోగలిగేంత నిలకడ వస్తుంది. మొదటి మాత్ర తొందరపడి వేసుకోకూడదు. ఒంట్లో టపెంటడాల్ ఉండగానే వేసుకుంటే ఉపసంహరణ లక్షణాలు, అంటే మందు మానినప్పుడు వచ్చే బాధలు, ఒక్కసారిగా విరుచుకుపడతాయి. సాధారణంగా 12 గంటలు ఆగి, ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం మొదలయ్యాక డాక్టరు సమక్షంలో మొదలుపెడతారు. రుయా మానసిక వైద్య విభాగంలో అడగండి. ఈ వైద్యం, ఉచిత సిరంజీలు దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోవడానికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) హెల్ప్‌లైన్ 1097 ఉంది, డీ-అడిక్షన్ కోసం 14446. రెండూ ఉచితం.

రుయాలో ఉన్నప్పుడే ఐసీటీసీలో (హెచ్.ఐ.వి. సలహా, పరీక్షా కేంద్రంలో) హెచ్.ఐ.వి. పరీక్ష, దాంతోపాటు హెపటైటిస్-బి, సి పరీక్షలు చేయించుకుని, మూడు నెలలకు మళ్ళీ చేయించుకోండి. హెపటైటిస్-సి తేలినా కంగారొద్దు, ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. హెపటైటిస్-బి లేదని తేలితే టీకా మూడు డోసులు వేయించుకోండి: ఇప్పుడు, నెలకు, ఆరు నెలలకు. ఎప్పుడైనా వేరేవాళ్ళ సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే హెచ్.ఐ.వి. సోకకుండా 28 రోజుల మందు ఇస్తారు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

వాడిన సూదులను యాసిడ్ సీసాలాంటి మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి, ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అక్కడ ఇచ్చేయండి. కాలువలో వేస్తే పొద్దున్నే చేత్తో పూడిక తీసే పారిశుధ్య కార్మికురాలి వేలికి గుచ్చుకుంటుంది. బండి సీటు కింద ఒక్కటి కూడా ఉంచొద్దు, యాత్రికుల పిల్లలు అక్కడే చేతులు పెడతారు.

అమ్మకు ఎప్పుడు చెప్పాలో మీరే నిర్ణయించుకోండి, తొందరపెట్టం. ఇంట్లో ఒక్కరికైనా, తమ్ముడికో అక్కకో, పైన చెప్పిన ఊపిరి గుర్తులు, 108 సంగతి తెలిసి ఉండాలి.

మీ స్నేహితుణ్ణి కూడా మీతో తీసుకెళ్ళండి. ఆయన కాలికి డాప్లర్, మీ చేతికి కోత, రెండూ ఒకే ఆసుపత్రిలో తేలే పనులు. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ ఉందంటే క్షణం కూడా ఆగొద్దని చెప్పండి. ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళండి, మీ బండి మీరు తోలుకుంటూ వెళ్ళకండి.